రెప్ప

జూన్ నెల. సెతూబల్ రేవులో సార్డీన్ చేపలు కాల్చే పొగ
స్టాఫ్ రూం కిటికీ దాకా వస్తోంది.
నా ముందు ముప్ఫై ఒక్క పేర్లు.
ముప్ఫై పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్క.
ఎద్మిల్సా పేరు పక్కన పదకొండు ఎర్రచుక్కలు.

బడి పైకప్పు బాగుచేస్తున్నారని
పిల్లలు ఇంట్లోంచే పరీక్ష రాశారు.
కాపలాకి మేం కొన్న యంత్రం
కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చుంది.
దానికి అనుమానమొస్తే చుక్క పెడుతుంది,
లెక్కల మాస్టారు చూసి తేల్చాలి.
ఆ మాస్టారిని నేనే.

మొదటి చుక్క: ‘ముఖం కనబడలేదు.’
ముఖం అక్కడే ఉంది, తెర నిండా.
కేప్ వెర్ద్ నుంచి వాళ్ళ అమ్మమ్మ ఓడలో మోసుకొచ్చిన నలుపు,
మూడేళ్ళుగా రెండో బెంచీలో నేను చూస్తున్న ముఖం.
‘వెలుతురు చాలదు.’
లేచి లైటు వేసింది.
‘చాలదు.’
కిటికీ కర్టెన్ లాగేసింది.
‘చాలదు.’
పక్కింట్లో అడిగి తెచ్చిన టేబుల్ లాంపు
గడ్డం కిందికి జరుపుకుని
ఒక చేత్తో దీపం, ఒక చేత్తో త్రికోణమితి.

ఐదో చుక్క: ‘గదిలో మరో మనిషి.’

లాంపు వెలుగు ఆ పిల్లని దాటి వెనక్కి పడింది.
మంచం. మంచం మీద అమ్మమ్మ.
తమ్ముడు, పదేళ్ళుంటాయేమో,
ముసలామెని పక్కకి ఒత్తిగిలజేసి
తడిగుడ్డతో

ఆపేశాను.
అబద్ధం. ఇంకో నాలుగు సెకన్లు చూశాను.
ఆ నాలుగు సెకన్లూ నా దగ్గరే ఉన్నాయి,
ఎవరికి తిరిగివ్వాలో తెలీదు.

పిల్ల ముఖం పోల్చుకోలేని కన్ను
మంచం కింద బేసిన్‌ని పోల్చుకుంది,
మందుసీసాల్ని, తాడుమీద లోదుస్తుల్ని,
గోడకి పట్టిన చెమ్మని.
అన్నీ భద్రంగా దాచింది,
ఏడాదిపాటట, ఏ దేశంలోనో.

ఊరికే, గాస్పర్ వీడియో కూడా తెరిచాను.
తెల్లటి గోడ, తెల్లటి ముఖం, ఒక్క చుక్కా లేదు.
సగంసేపు ఒళ్ళోకే చూస్తున్నాడు.
ఒళ్ళో ఏముందని యంత్రం అడగలేదు.

‘పిల్లల్ని కంటికి రెప్పలా కాపాడ్డానికే కదా’
అంటుంది మా డైరెక్టరమ్మ.
రెప్పా!
రెప్ప పని చూడటం కాదు కదమ్మా.
దుమ్మొస్తే, ఎండొస్తే,
చూడకూడనిది ఎదురొస్తే
మూతపడటం.
మేం కొన్న కంటికి అదొక్కటే లేదు.
అదెంతవుతుందని అడిగినవాళ్ళమూ లేం.

సోమవారం ఎద్మిల్సా గుమ్మంలో నిలబడింది.
మార్కుల సంగతి ఎత్తలేదు.
‘సర్, అమ్మమ్మ కనబడిందా?’
తల ఊపాను.
‘ఆమె పరీక్ష రాయడం లేదు కదా.’

కాగితం తీసి బల్లమీద పెట్టింది.
మా గది మాకిచ్చేయండి, ఒక్క ముక్కా మీ దగ్గర ఉంచుకోకండి
అని రాసుంది.
కింద అమ్మమ్మ సంతకం, వణికి వణికి
అంచు దాకా జారిన గీత.
తమ్ముడిది, గుండ్రటి అక్షరాల్లో.
తనది.
నాలుగో చోటు ఖాళీ.

‘మీరూ చూశారు కదా’ అంది,
పెన్ను నా వైపు తిప్పి.