నాలుగు పెన్నీల బందె

మా ఇంటిపేరు పౌండ్.
బళ్లో పిల్లలు నా జేబులు తట్టి
నిన్ను మారిస్తే ఎన్ని షిల్లింగులొస్తాయని అడిగేవారు.
నాన్న మాత్రం మీసం దువ్వుకుని
మన పెద్దలు రాజుగారి టంకశాలలో
నాణేలు లెక్కపెట్టినవాళ్లు అనేవాడు.
ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో
ఆయనా ఎప్పుడూ లెక్కచూడలేదు.

ముప్ఫై ఏళ్లు ఊరూరా తిరిగి సూదులు వేసిన చేతులకి
ఉద్యోగం అయిపోయాక పనేం తోచక
మంగళవారాలు జిల్లా రికార్డాఫీసుకి బస్సెక్కాను.
అక్కడ పెన్ను కూడదు, పెన్సిలే.
దగ్గొస్తే తల పక్కకి తిప్పుకోవాలి.
మార్ల్‌కోట్ చర్చి పుస్తకాన్ని
నురగ దిండు మీద పడుకోబెట్టి తెస్తారు,
పురిటిగదిలోంచి బిడ్డని తెచ్చినట్టే.

వెనక్కి వెనక్కి నడిచాను.
తాత ఈనాక్, ఆయన తండ్రి జేబెజ్,
సున్నపురాయి గనిలో కాలు పోగొట్టుకున్న మరో జేబెజ్,
పెళ్లి పుటలో సంతకానికి బదులు
వంకర ఇంటూ గుర్తు పెట్టిన థిర్జా.
ఆ గీతలో ఒక చోట సిరా చిక్కబడింది.
కలం ఆపి ఎవరివైపో చూసి ఉంటుంది.
ఒక చలికాలం గొంతుజబ్బుకి
ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు.
నాలుగోసారి గుమాస్తా ఇంటిపేరు రాయలేదు,
పైదే అన్నట్టు రెండు చుక్కలు పెట్టాడు.

ఇక 1783, ఫిబ్రవరి.
ఆమోస్. మగశిశువు. తల్లి తెలియదు, తండ్రి తెలియదు.
ఊరి బందెలదొడ్డిలో దొరికాడు
గనుక పౌండ్ అని రాయడమైనది.

రెండుసార్లు చదివాను.
మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివాను.
టంకశాల కాదు నాన్నా,
పరాయి చేలో పడ్డ పశువుల్ని
తోలుకొచ్చి మూసే దొడ్డి.
ఇల్లు లేనివాడికి ఇంటిపేరు పెట్టాల్సి వచ్చి
పాదిరి కిటికీలోంచి బయటికి చూసి ఉంటాడు.

ఆ ఏటి దొడ్డి లెక్కల కట్ట కూడా అడిగి తెప్పించుకున్నాను.
ఆ రాత్రి అక్కడ రెండు పెయ్యలున్నాయి,
మిల్లు పక్క టర్నిప్ మడి మేసినందుకు.
మర్నాడు మధ్యాహ్నం ఏబెల్ క్రౌచర్ అనే రైతు వచ్చి
నాలుగు పెన్నీలు బందె కట్టి
విడిపించుకుపోయాడు.
కింది వరసలో మా ఆమోస్.
ఎక్కడ రాయాలో తెలియక అక్కడే రాసేశారు కాబోలు.
వచ్చినవారు అనే గడి ఖాళీ.
కట్టినది అనే గడి ఖాళీ.

దొడ్డి ఇంకా ఉంది.
బస్టాపు వెనకాల నడుమెత్తు రాతిగోడ,
లోపల దురదగొండి,
మంచు మీద చల్లే ఉప్పు నింపిన పసుప్పచ్చ పెట్టె,
ఎవరో విసిరేసిన సైకిల్ టైరు.
అరవై ఏళ్లుగా దాని పక్కనే నిలబడి బస్సు కోసం చూశాను,
ఒక్కసారి లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు.
ఈసారి గోడ మీద చెయ్యి వేశాను. తడిగా ఉంది.
పర్సులో చిల్లర వెతికాను, ఎందుకో తెలియదు.
బస్సొచ్చింది. ఎక్కాను.

డోర్కస్ అత్తకి తొంభై ఒకటి.
టంకశాల కథంటే ఆమెకీ ప్రాణం.
అందుకే టీ పోసి, బిస్కెట్టు చేతికిచ్చి
మెల్లగా చెప్పాను.
ఏడుస్తుందనుకున్నాను.
బిస్కెట్టు టీలో ముంచి అలాగే పట్టుకుంది,
అది విరిగి పడేదాకా.

"ఫిబ్రవరి అన్నావు కదూ, హెట్టీ?
నీళ్లు గడ్డకట్టే చలి.
చర్చి గుమ్మం ఉంది, అక్కడ పెట్టలేదు.
మిల్లు వాకిలి ఉంది, అక్కడా పెట్టలేదు.
ఆ పిల్లెవరో గోడ మీంచి తొంగిచూసింది.
లోపల ఆవులున్నాయని చూసుకునే పెట్టింది."

అడుగున నానిన ముక్కల్ని చెంచాతో వెతుక్కుంటూ
ఏ రంగువట అవి, అంది.

కాగితం తీశాను.
తల్లి పేరు దొరకనివాళ్లకి అవి మాత్రం దొరికాయి:
ఒకటి ఎర్రది.
రెండోది నల్లది, ఎడమ చెవి తెలుపు.