ఎర

ఎర అంటే నాకు తెలిసింది
జట్టీ మీద మా అయ్య గాలానికి గుచ్చే కవళ్ల ముక్క.
తల ముందే కోసి సముద్రంలో పారేసేవాడు.
ఎందుకయ్యా అంటే
"అది సూత్తంటే సెయ్యాడదురా" అనేవాడు.

ఆటోనగర్ వెనకాల, మూతపడ్డ టైర్ల షెడ్డుకి
ఒక కుక్కని దింపాలన్నారు.
కిరాయి ఆరొందలు.
ఏ కుక్క అన్నాను.
"ఏదయితే ఏటి, కరవందైతే సాలు."

కరవనిది మల్కాపురం మొత్తమ్మీద
నాకు ఒక్కటే తెలుసు.
నూకాలు టీ బడ్డీ కింద పడుకునేది, ఎడమ చెవి సగం లేనిది.
రిఫైనరీ సైరన్ కూయగానే లేచి
షిఫ్టు దిగిన ప్రతివాడి కేరేజీనీ పేరుపేరునా పలకరించేది.
దానికి తలో పేరు పెట్టారు.
నేను మాత్రం బావా అని పిలిచేవాణ్ణి.

రెండు బన్నులు.
రెండోది అక్కర్లేకపోయింది కూడా.
తానే గెంతి ట్రాలీలోకెక్కింది.
శ్రీహరిపురం దాటాక గాలికి నోరు తెరుచుకుని
మొదటిసారి తీర్థానికెళ్తున్న గుంటడిలా
రేకు పట్టుకుని నిలబడింది.

షెడ్డులో ఓ పదిహేనుమంది. పల్లీల పొట్లాలు, ఫోన్లు.
మూల గొలుసుకి వాళ్ల కుక్క, నల్లది, డొక్కలు లోపలికి పోయి.
మూడు రోజులు పస్తు పెట్టారట దాన్ని.
దాన్ని నేనేమీ అనను.

బావ మూతికి టేపు చుట్టారు,
పార్సిళ్లకి వేసే గోధుమరంగు టేపు.
చుట్టినవాడు మహా ఓపిగ్గా, మడత పడకుండా చుట్టాడు.
"నొప్పెట్టనీకురోయ్" అన్నాడెవడో.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాననుకుంటా.

అప్పటికీ అది తోకాడిస్తూనే ఉంది.
ఇంతమంది, ఇన్ని చేతులు,
ఇదేదో తన కోసం పెట్టిన ఆటే అనుకుంది.

గొలుసు విప్పారు.

నోరు కట్టేసిన కుక్క అరిస్తే ఎలా ఉంటుందో
చెప్పలేను.
అర్ధరాత్రి పోర్టులో క్రేను తిరిగే చప్పుడు
గాలివాటుకి మా వీధి దాకా వస్తుంది చూడండి,
అది విన్నప్పుడల్లా ఇప్పుడు లేచి కూర్చుంటున్నాను.

వెళ్లిపోవచ్చు నేను. డబ్బు జేబులోనే ఉంది, తాళం చేతిలోనే ఉంది.
ఆపమని ఒక్క మాట, అదైనా అనొచ్చు.
అది ఆ నల్లదాన్ని చూడలేదు.
వాళ్లెవర్నీ చూడలేదు.
అయ్యా, తల ఉంది దీనికి.

మర్నాడు నూకాలు గ్లాసులు కడుగుతూ అడిగింది
"మన కుక్క అవుపడ్డం నేదేటి?"
ఎటో పోయుంటాదిలే అన్నాను.
"ఎటెల్తాదిరా అది, ఎర్రిబాగుల్ది" అని
బన్ను ఒకటి మూతకింద దాచింది, సైరన్ వేళకి.

ఆ రాత్రి టార్చి పట్టుకుని
ట్రాలీ రేకంతా వెతికాను,
గోళ్ల గీత ఒక్కటైనా ఉంటుందేమోనని,
రానని పెనుగులాడిన గుర్తు.

లేదు.
తానే ఎక్కింది కదా.