ఒంటి చెవి

మూడు నెలల ట్రాక్.
చిలకలగూడ గదిలో ఫ్యాన్ ఆపి
కిటికీకి బొంత కట్టి చేసింది.
హెడ్‌ఫోన్స్‌లో ఆకాశమంత లీడ్,
ఈ చెవి కొస నుంచి ఆ చెవి కొసకి.

కోఠీ గుజరాతీ గల్లీలో
స్పీకర్లు బాగుచేసే ముకర్రం భాయ్‌కి వినిపించాను.
చిన్నప్పుడే ఆయనకో చెవి పోయింది.
బల్ల మీద విప్పేసిన ఒకే ఒక్క స్పీకర్,
సోల్డరింగ్ పొగ.
బ్రేక్‌డౌన్ దాటేదాకా కళ్లు తెరవలేదు.

"గీన్ల పాట ఏది బేటా?
దబదబ ఉంది, దెబ్బ లేదు.
ఇద్దరు లావుపాటోళ్లు
ఒక్క దర్వాజలకెళ్లి ఒకేసారి దూరుతున్నరు."

నవ్వబోయి, విన్నాను.
ఆ ఒక్క కోన్‌లో నా ఆకాశం లేదు.
ఎడమని కుడి తినేసింది, కుడిని ఎడమ.

ఆ రాత్రి
కిక్ వచ్చిన ప్రతిసారీ బేస్‌ని తల వంచమన్నాను.
ప్యాడ్ అడుగున రెండొందల యాభై హెర్ట్జ్ మడ్డి,
చింతపండు పులుసు తేర్చినట్టు తేర్చాను.
రివర్బ్ సగానికి కోశాను.
అది కోస్తుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది,
మార్చి నెలంతా అందులోనే ఉంది మరి.
లీడ్‌ని రెండు వైపుల నుంచీ
మధ్యకి పిలిచాను. అలిగి, వచ్చింది.

పాల వ్యాన్ సందు తిరిగే వేళ
మోనో నొక్కి, వేలితో ఓ చెవి మూసుకుని విన్నాను.
సన్నగానే. కానీ ఉంది.

శనివారం మళ్లీ కోఠీ.
ముకర్రం భాయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి
తలూపాడు, ఎనిమిది బార్లు.
తొమ్మిదో దానికి ఆపి,
"ఆ చిక్‌చిక్ ఏంది, సూదోలె గుచ్చుతుంది?"