ఎక్కుడు షిఫ్టు

ముప్పై ఒక్క ఏండ్లు దిగిన.
రిటైరైనంక కాళ్లకు పని లేక
ఎక్కుదామనుకున్న.

బెల్లంపల్లిల ఫస్ట్ షిఫ్టు సైరన్‌కు ముందే
ఓదన్న స్కూటర్ మీద, చలికి ముక్కులు కారంగ
తిర్యాణి దాటి, డాంబరు ఆగిపోయిన కాడ దిగినం.
టేకం మారుబాయి అప్పటికే వచ్చి ఉన్నది,
చేతిల కొడవలి, కొంగున జొన్నరొట్టెలు,
కాళ్లకు రబ్బరు చెప్పులు.
నా కొత్త బూట్లను చూసి
నవ్వు ఆపుకున్నది.
"ఐదు గుట్టలా? ఒక్క పొద్దుల?
ఏం పోగొట్టుకున్నరు ఆడ?"

మొదటిది మంచులనే అయిపోయింది.
ఎక్కినమన్న సంగతి
దిగేటప్పుడు తెలిసింది.

రెండోదానికి పేరు లేదట.
"పేరు పెట్టేంత పని దానితోని పడలే" అన్నది మారుబాయి.
వెదురు పొదలు, జారుడు రాళ్లు,
ఎలుగు తవ్విన పుట్ట, ఇంకా తడి ఆరని మట్టి.
ఓదన్న ఆడ మాట్లాడుడు బందు పెట్టిండు.

మూడోదాని నడుమ పెద్ద బండ ఒకటి
తోవ మీదికి వంగి ఉన్నది.
నా చెయ్యి నన్నడగకుండనే లేచింది.
కర్రతోని బండను తట్టి చెవి పెట్టిన.
గంట లెక్క మోగితే కప్పు గట్టిది,
డొల్లగ పలికితే ఎనుకకు ఉరుకు.
మీసాలు రానినాడు
సర్దార్ నేర్పిన ఒకే ఒక్క చదువు.
ఓదన్న కూడ తట్టిండు.
ఇద్దరం తలకాయలూపుకున్నం.
"బండతోని ఏం మాట్లాడిన్రు?"
"ఉంటవా, పడతవా అని."
"ఏమన్నది?"
"ఇయ్యాలకైతే ఉంటదట."
మారుబాయి కొడవలి పిడితోని ఒక్కసారి తట్టి
అప్పుడు దాటింది.

దాని అవుతల సెలిమె తోడి నీళ్లు తాగినం,
రొట్టె, పచ్చిమిరప తొక్కు.
తిన్నంక కూసుంటే లేవమని తెలుసు.
కూసున్నం.

నాలుగోది నిలువు.
కింద గాలి కోసం పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరిగేటియి.
ఈడ గాలి మస్తుగున్నది,
ఛాతీలనే చోటు లేదు,
బొగ్గు ఎప్పుడో కబ్జా పెట్టింది.
పది అడుగులు, ఒక దగ్గు.
ఆరు అడుగులు, ఒక దగ్గు.
మిగతాది మోకాళ్లను అడగాలె.

ఐదోదాని నెత్తి మీదికి వచ్చేసరికి
పొద్దు పడమటికి ఒరిగింది.
చెట్టు లేదు, గుడి లేదు,
సర్వేవాళ్లు పాతిన రాయి ఒకటి,
సున్నం రాలిన బాణం గుర్తు.
ఓదన్న దాని మీద తువ్వాల ఆరేసిండు.

దచ్చిణం దిక్కు, దుమ్ము అడుగున,
కత్తితోని కోసినట్టు చదును నెత్తి,
బూడిద రంగు గుట్ట.
"అదేం గుట్ట? మా అత్త ఉన్నప్పుడు లేకుండె" అన్నది మారుబాయి.
నేను ఓదన్న దిక్కు చూసిన,
ఓదన్న తన బూట్ల దిక్కు.
"మట్టి" అన్న.
"మా బాయి మూసి, మీదికెళ్లి తవ్విన్రు. లారీలు పోసిన మట్టి."
"దేవుడున్నడా మీద?"
"కంపెనీ బోర్డున్నది."

నేను నడిచిన ఏడో డిప్పు,
షిఫ్టు షిఫ్టుకు తట్టి, చెవి పెట్టి,
పడకు పడకు అని బతిమాలిన కప్పు
అంత పొడి పొడిగ అగో, ఆడున్నది.
ముప్పై ఒక్క ఏండ్లు నా నెత్తి మీద ఉన్న గుట్ట.
ఇయ్యాల పైనుంచి చూస్తున్న.

మారుబాయి వేళ్లు ముడిచి లెక్కపెట్టింది
ఐదు.
దాన్ని కలుపలే.

దిగంగ చీకటైంది.
బజార్ల కొన్న నెత్తి లైటు పెట్టుకున్న,
పానం నిమ్మళమైంది.
"అది ఆర్పు" అన్నది ముందునుంచి,
"నీ వెలుగుకు నాకు తోవ కనపడుతలేదు."
ఆర్పిన.
బాయిల చీకటికి అడుగుండదు.
ఈ చీకట్ల ఆమె చెప్పుల చప్పుడు ఉన్నది,
ఇప్పపువ్వు కాలం కాకున్నా ఏదో వాసన,
ఓదన్న తిట్లు.

తెల్లారి
మా ఇంటి మూడు మెట్లు దిగలేక
గోడ పట్టుకోని కూసున్న.
"ముప్పై ఏండ్లు దిగినోనివి" అన్నది మా రాజవ్వ,
చాయ గిలాస అక్కడికే తెచ్చి ఇచ్చింది.