చేయి తిరిగేదాకా

మొదటి రోజు ఖదీర్ భాయ్
నా చేతికి రంగు ఇవ్వలేదు.
సత్తు గ్లాసులో నీళ్లు, ఆరో నంబరు బ్రష్షు,
గౌలిగూడ గల్లీలో దుకాణం ముందరి షాబాద్ బండ.
"రాయ్" అన్నాడు. అంతే.

మే నెల.
'అ' కడుపు చుట్టేలోగా తల ఆరిపోయేది.
'ఆ' దగ్గరికొచ్చేసరికి
'అ' ఆవిరి.
పొద్దుగూకే వేళకు
అక్షరాలన్నిటినీ ఎండ తాగేసింది.
నేను పని చేశానని సాక్ష్యం చెప్పడానికి
మోకాళ్ల మీద బండ గరుకు తప్ప
ఇంకేం మిగల్లేదు.

పదో తరగతి తెలుగులో తొంభై రెండు మార్కులు నావి.
ఆయనకు తెలుగు చదవడమే రాదు.
ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్లకు, పళ్ల డాక్టర్లకు,
ఎలక్షన్ గోడలకు
చీటీ మీద ఎవరో గీకిచ్చింది చూసి
ముత్యాలు దింపుతున్నాడు.

"నువ్వు చదువుతున్నవ్ బేటీ,
గందుకే చూస్తలేవ్.
నాకు గిది తలకట్టు కాదు,
పావురం వాలే ముందు రెక్క.
గిది అక్షరం కాదు,
తోక మడిచి పండుకున్న పిల్లి."
ఆయన పిల్లి అన్నది 'ళ'ని.
నా పిల్లి మాత్రం
రోజూ బండ మీంచి జారి పడేది.

రెండో నెలలో బ్రష్షు గ్లాసులో పడేసి
"నాకు రాదు భాయ్" అన్నాను.
తిట్టలేదు. చెప్పులేసుకొని
కోఠీ బస్టాపు దాకా నడిపించాడు.
"గా ముసలామెను అడుగు,
మెహిదీపట్నం బస్సు సంగతి."
అడిగాను.
"ఇంకా రాలే బిడ్డా" అందామె,
సంచి మీద ఇంకొంచెం సర్దుకొని కూర్చుంటూ.
భాయ్ నా వైపు తిరిగాడు.
"గంట నుంచి ఉన్నది.
రాదు, అన్నదా?"

ఆ రాత్రే అంతా మారిపోయిందని చెప్పను.
మర్నాడూ పిల్లి జారింది.
కాకపోతే గ్లాసు రెండుసార్లు నింపుకున్నాను.

మొదటి కూలి నలభై రూపాయలు.
కాచిగూడలో మంగళా టైలర్స్.
నిచ్చెన వణికిందో నేను వణికానో,
'మం' బాగానే నిలబడింది, 'గ' పర్వాలేదు,
'ళ' కుంటింది.
కిరసనాయిలు గుడ్డతో రెండుసార్లు తుడిచి
మూడోసారి అలాగే వదిలేశాను.
ఇప్పటికీ ఆ దారిన పోతే తల దించుకుంటాను.
ఊరికే దిద్దిపెడతానంటే
టైలరు లింగమూర్తి ఒప్పుకోడు:
"వద్దమ్మా, ఆ వంకర అక్షరం కింద దుకాణమనే
గిరాకీకి గుర్తు చెప్తున్న."

చేయి ఏ రోజు తిరిగిందో నాకు తెలియదు.
ఎవరూ వచ్చి చెప్పలేదు.
ఒక శ్రావణ మాసం, చినుకుల భయంతో
గబగబా షట్టరు నింపి దిగాక
సుద్ద దారం కట్టడం మరిచానని గుర్తొచ్చింది.
వెనక్కి నడిచి చూశాను.
గీత లేని చోట
అక్షరాలన్నీ గీత మీద నిలబడ్డాయి.
వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాను:
ఎనామిల్ వాసన, కింద ఎక్కడో
తడిసి ఆరిన బండ వాసన.

ఫ్లెక్సీలొచ్చాయి. మా గల్లీలో
ఏడుగురి బ్రష్షులు ఎండిపోయాయి.
భాయ్ కుడి చేయి ఇప్పుడు వణుకుతుంది,
చాయ్ సాసరులో ఒలికిపోతుంది.
మొన్న సాయంత్రం పని లేక కూర్చున్నప్పుడు
ఆయనే గ్లాసులో నీళ్లు తెమ్మన్నాడు.
వణికే వేలితో బండ మీద
తోక మడిచిన పిల్లిని గీసి,
"ముప్పై ఏండ్లు రాసిన. దీని పేరేంది బేటీ?"

"ళ."
"ల."
"నాలుక వెనక్కి మడవాలి భాయ్. ళ."
"ల... ల్ల... ల."
నోరు తిరగలేదు. పిల్లి ఆరిపోయింది.
నవ్వు ఆపుకుంటూ
"రాలేదు" అన్నాను.

వేలు మళ్లీ గ్లాసులో ముంచుతూ
తల ఎత్తకుండానే దిద్దాడు:
"ఇంకా."