రాయి పద్దు

చట్టం పన్నెండు పేజీలు.
మూడో సెక్షన్‌లో మేం పుట్టాం:
"సమాధుల తరలింపు కమిషన్ ఒకటి ఏర్పడవలెను.
దానికి సొంత ముద్ర ఉండవలెను.
అది దావా వేయవచ్చును, దానిపై దావా వేయవచ్చును."
ముద్ర మసేరు నుంచి చేతికొచ్చేసరికి
తొమ్మిది నెలలు పట్టింది,
మామూలు బిడ్డకు పట్టినంతే.

ఐదో సెక్షన్ అధ్యక్షుణ్ణి అడిగింది:
దివాలా తీయనివాడు, మతి చలించనివాడు,
పదేళ్లు కోర్టులో నల్లకోటు తొడిగినవాడు.
రిటైరైన జడ్జి మొఖెసి గారు దొరికారు.
అర్హతలన్నీ ఉన్నాయి,
మలూటీ కొండలెక్కే మోకాళ్లే లేవు.

ఏడో సెక్షన్ ప్రకారం సిబ్బంది డెప్యుటేషన్ మీద.
నేను ఉన్ని శాఖ నుంచి వచ్చాను.
"ఇన్నాళ్లూ గొర్రెల్ని లెక్కపెట్టావు,
ఇక గోరీల్ని లెక్కపెట్టు" అన్నాడు మా పాత ఆఫీసరు.
నవ్వుతూనే అన్నాడు.
డ్రైవర్ పోస్టు మంజూరైంది, జీపు కాలేదు.
సర్వేయర్ కుర్చీ వచ్చింది, సర్వేయర్ రాలేదు.
ఆ కుర్చీలో మధ్యాహ్నం పూట ఎండ కూర్చునేది.

"కమిషన్‌కు నిధులు ఉండును" అంది తొమ్మిదో సెక్షన్.
ఉండును అంటే మాటివ్వడమో, ఊరడించడమో!
మొదటి వాయిదా అద్దెకీ కిరోసిన్ పొయ్యికీ సరిపోయింది.
రెండోది రావాలంటే మొదటి దాని ఖర్చుకు సర్టిఫికెట్ కావాలి,
సర్టిఫికెట్ మీద అకౌంట్స్ ఆఫీసర్ సంతకం కావాలి,
అతణ్ణి వేసుకోవాలంటే జీతానికి రెండో వాయిదా రావాలి.
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు,
పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.
కింద లోయలో మాత్రం డ్యామ్ నీళ్లు
ఏ సంతకం కోసమూ ఆగలేదు.

జూలై నెల. కిటికీ అంచున మంచు.
రెండు రోజులు గుర్రమ్మీద వచ్చింది మె మమలెఫానె.
నాలుగో నంబరు ఫారం తీశాను.
మృతుని పేరు?
"పెట్టలేదు బాబూ. మూడో రోజే పోయింది."
ఖాళీ వదిలితే కంప్యూటర్ ముందుకు కదలదు.
ఆమె దుప్పటి పిన్ను తీసి
లోపల్నుంచి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టింది.
నీళ్లు రాకముందు తలాపి నుంచి తెచ్చిందట.
"కొత్త చోటు చూపించిన రోజు తీసుకుంటాను.
అందాకా మీ దగ్గరుండనీ."
రసీదు అడగలేదు.

ఉన్ని శాఖ అలవాటు పోలేదు, తూకం వేశాను:
రెండు కిలోల మూడువందల గ్రాములు.
ఆస్తుల రిజిస్టర్‌లో నలభై ఒకటో పద్దు,
పొయ్యికీ పంచింగ్ మెషీన్‌కీ మధ్య:
రాయి, ఒకటి.

ఆడిటర్ లెరొథొలి ఆకుపచ్చ సిరాతో అడిగాడు:
కొనుగోలు వోచర్ ఏది?
విరాళమైతే మంత్రి గారి ముందస్తు అనుమతి ఏది?
రెండూ లేవు. రాత్రంతా చట్టం తిరగేశాను.
పొద్దున్నే స్కేలు పెట్టి
ఆస్తుల్లో ఆ పద్దు కొట్టేశాను.
అప్పుల్లో రాశాను.
ఆయన చాలాసేపు చూశాడు.
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
టిక్కు పెట్టాడు.

పంతొమ్మిదో సెక్షన్ మా చావు గురించి:
"గడువు ముగిసిన పిమ్మట ఆస్తులూ అప్పులూ
మంత్రిత్వ శాఖకు సంక్రమించును."
లారీ వచ్చింది. కుర్చీలెక్కాయి, పొయ్యి ఎక్కింది.
కొత్త చోటు కోసం కేటాయించిన భూమి
కాగితం మీద పచ్చగా ఉంది.
అండర్ సెక్రటరీ జాబితా చదవకుండానే
ప్రతి పేజీ కిందా సంతకం చేశాడు.
రాయిని నేనే గోనెలో చుట్టి,
పద్దు నంబరు కుట్టి,
లారీలో డ్రైవర్ పక్క సీట్లో పెట్టాను.

మళ్లీ ఉన్ని బేళ్ల మధ్యకొచ్చాను.
ఏటా ఏప్రిల్‌లో, లెక్కలు ముగిసే వారంలో,
మంత్రిత్వ శాఖకు ఒక ఉత్తరం రాస్తాను:
అయ్యా, నలభై ఒకటో పద్దు ఇంకా తీరలేదు.
జవాబు రాదు.
వడ్డీ ఎలా కట్టాలో చట్టంలో లేదు.