సున్నా నుంచి పది దాకా

సొహార్‌లో మా స్కిల్స్ ల్యాబు రబ్బరు చెయ్యికి
సులేమాన్ అని పేరు పెట్టాం.
ఎన్నిసార్లు పొడిచినా ఉలకడు, పలకడు.
ఎర్రరంగు నీళ్లొస్తే నరం దొరికినట్టు,
రాకపోతే ఖలూద్ మేడమ్ కనుబొమ్మ లేచినట్టు.

మూడో ఏడు, వార్డు డ్యూటీ.
ఏడో మంచం మీద లింబాద్రి,
సిమెంటు పనిలో ఎండకి పడిపోయాడట.
నరాలన్నీ లోపలికి పోయి తలుపేసుకున్నాయి.
నొప్పి అడిగే కాగితం నాలుగు భాషల్లో ఉంది,
తెలుగులో లేదు.
"నొప్పి ఎంతండీ? సున్నా నుంచి పది దాకా చెప్పండి"
అన్నాను, మా నర్సాపురం యాసలో.
ఆయన ముందు నన్ను చూశాడు,
తర్వాత నా బ్యాడ్జీని.
"మనోళ్ల పిల్లవేనా బిడ్డా?
నొప్పికి లెక్కేముంటది...
రెండు నెల్ల జీతమంత."

ఛార్టులో ఆ గడికి అంకె కావాలి.
తొమ్మిది రాశాను.
రెండో పోటుకి నరం దొరికింది.
గ్లవ్సులోంచి కూడా తెలిసింది,
సులేమాన్‌కి ఎన్నడూ లేని వేడి.

చివరి సెమిస్టరులో ఫారం ఇచ్చారు:
ఐసీయూ, ఆపరేషన్ థియేటరు, స్కూలు నర్సు,
పై చదువు చదివితే పాఠాలూ చెప్పుకోవచ్చు.
పక్కనే జీతాలు, రియాళ్లలో.
మైమూనా పిల్లల వార్డుకి టిక్కు పెట్టేసి
సమోసా తింటోంది.
నేను డయాలిసిస్ దగ్గర ఆగాను.
ఎండలో నీళ్లు దొరకని కిడ్నీలు
చివరికొచ్చి కూలబడే కుర్చీలవి.
వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు.
మాట్లాడుకోవడానికి టైముంటుంది.

ఫారం అడుగున 'వచ్చిన భాషలు' అని ఉంది.
ఇంగ్లీషు, హిందీ, కొంచెం అరబ్బీ.
తెలుగు అని రాశాక
కాసేపాగి,
'రెండు యాసలు' అని చేర్చాను.